సులియారీ బొగ్గు గనికి పోయే అల్లుడికి

కడప

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఓవర్‌మ్యాన్‌గా, అంటే షిఫ్టులో పనీ భద్రతా చూసుకునే మనిషిగా, నిన్ను సులియారీకి వేసినారని మీ అమ్మ చెప్పింది. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గనీ, మధ్యప్రదేశ్ సింగ్రౌలి జిల్లాలోని ఆ బొగ్గు గనీ రెండూ ఏపీఎండీసీవే (ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ) కదా, పని కూడా ఒకటే అనుకుని పోవద్దు. ముగ్గురాయి ఘనపు మీటరుకు నాలుగు టన్నులు దాటి తూగుతుంది. తొట్టి నిండకముందే డంపరు బరువుకొస్తుంది. బొగ్గు పొరలో ఉన్నప్పుడే ఒకటిన్నర టన్ను చుట్టుపక్కల, తవ్వి పోస్తే ఇంకా తేలిక. టన్నులు రావాలని ఆపరేటరు గోపురంలా పోస్తాడు. మలుపులో పెళ్లలు జారి హాల్ రోడ్డు (గనిలో డంపర్లు తిరిగే దారి) మీద పడతాయి, వెనక వచ్చే బండి టైరు కోసుకుపోతుంది. తొట్టి అంచుకు సమంగా పోయించు చాలు.

ముందు ఏది ఎవరిదో తెలుసుకో. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. గని తవ్వడమే ఆ కంపెనీ పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని. నువ్వు పోయేచోట లెక్క వేరే. గని కార్పొరేషన్‌ది, 14 శాతం రాయల్టీ పోయేది మధ్యప్రదేశ్‌కు, తవ్వేదీ తోలేదీ ఎండీవో, అంటే గని నడిపే కాంట్రాక్టరు. షావెలు వాళ్లది, డంపరు వాళ్లది, డ్రైవరు జీతం వాళ్లది. కాబట్టి 'మా బండి, మా మనిషి, మీరు సంతకం పెడితే చాలు సార్' అంటారు. గనిలో కాంట్రాక్టరు కూడా ఓనరు మాదిరే చట్టానికి లోబడాలి, కానీ దాంతో అసలు ఓనరు బాధ్యత తీరిపోదు. కింద ఓవర్‌మ్యాన్ బాధ్యత కూడా అట్లాంటిదే. స్టీరింగు ముందు కూర్చున్న మనిషి పేరు పనివాళ్ల రిజిస్టరులో ఉందా, ట్రైనింగు అయిందా, ఆ బండి నడపమని మేనేజరు రాతపూర్వకంగా ఇచ్చినాడా, మూడూ చూడు. ఒకటి లేకున్నా బండి ఎక్కనీయొద్దు. రిపోర్టులో 'అంతా సవ్యం' అని రాసే అలవాటు చేసుకోవద్దు. ఏ బెంచి (గనిలో తవ్విన మెట్టు), ఎన్ని గంటలకు, పగులు ఎన్ని అడుగులు, ఎవరికి చెప్పినావు, అంతవరకూ రాయి. చూడనిది రాయకు.

బొగ్గు కుప్ప సంగతి మంగంపేటలో ఎవరూ నేర్పరు, అందుకే వివరంగా రాస్తున్నా. బొగ్గు గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని లోలోపల వేడెక్కుతుంది. ఎత్తు నుంచి పోసినప్పుడు పెద్ద పెళ్లలు దొర్లి అడుగుకు చేరతాయి, పొడి పైన నిలుస్తుంది. అడుగున పెళ్లల సందుల్లోంచి గాలి దూరి పైకి లాగుతుంది, అచ్చం పొయ్యి మాదిరి. అంటుకునేది ఎక్కువగా గాలి కొట్టే వైపు, కింది అంచుకు కాస్త పైన. అందుకని మీటరుకు మించని పొరలుగా పోయించి, ప్రతి పొరనూ డోజరుతో తొక్కించు. పాత బొగ్గు ముందు పంపించు. కొత్తది రోడ్డుకు దగ్గరుందని దాన్నే ఎత్తుతారు, పాతది మూలన పడి కాలుతుంది.

తెల్లవారి కుప్ప చుట్టూ నడువు. మంచు పడిన రోజు ఒకచోట మాత్రం తడి ఆరిపోయి ఉన్నా, సన్నగా ఆవిరి లేస్తున్నా, కిరసనాయిలు లాంటి వాసన వచ్చినా అక్కడ ఇనుప కడ్డీ దించి పావుగంట ఉంచు. బయటికి తీసిన కడ్డీ చేత్తో పట్టుకోలేకపోతే వెంటనే థర్మామీటరు పెట్టు. 70 డిగ్రీలు దాటిందంటే ఇక తనంతట తాను చల్లారదు. అప్పుడు అందరూ చేసే తప్పు పైనుంచి నీళ్లు కొట్టడం. నీళ్లు కణకణలాడే బొగ్గుకు తగిలితే ఆవిరితో పాటు హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి, ఎగజిమ్మి మనిషిని కాలుస్తాయి. లోపల కాలి బోలు పడిన కుప్ప మీదికి డోజరు ఎక్కితే కూలబడుతుంది. పక్క నుంచి షావెలుతో తవ్వి, ఖాళీ నేల మీద పలచగా పరిపించి, ఆ తర్వాతే నీళ్లు చల్లించు. గాలికి ఎగువన నిలబడు.

ఇంకొకటి గ్రేడు. కిలో బొగ్గు ఇచ్చే వేడిని బట్టి జీ1 నుంచి జీ17 దాకా, మెట్టుకు 300 కిలో కేలరీలు. ఓబీ (బొగ్గు మీది మట్టీ రాయీ) తీసినాక బొగ్గు పొర నెత్తిన జానెడు షేలు రాయి మిగిల్చి అట్లే ఎత్తితే మెట్టు జారుతుంది, ధర తగ్గుతుంది. అక్కడ చిన్న యంత్రం పెట్టి గీకించమని అడుగు. టైమ్ పోతుందని సణుగుతారు, సణగనీ. ఈ బాధ కొనేవాళ్ల వైపు నుంచి తెలియాలంటే మన ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీ థర్మల్ కరెంటు కేంద్రాన్ని తలచుకో. 210 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తిగా నడిస్తే రోజుకు మూడు వేల టన్నులకు పైనే మింగుతుంది. అందులో రాయి కలిస్తే మిల్లు అరుగుతుంది, బూడిద పెరుగుతుంది, కరెంటు మాత్రం పెరగదు.

హాల్ రోడ్డు వాలు 16కు 1 మించకూడదు. అంచు కట్ట పెద్ద డంపరు టైరు ఎత్తుకు తగ్గకుండా ఉండాలి. వాన కొట్టుకుపోయిన చోట కట్ట మోకాలెత్తుకు దిగుతుంది, అక్కడ రాత్రి షిఫ్టు ఆపినా తప్పులేదు. దుమ్ముకు నీళ్లు పలచగా చల్లాలి, ట్యాంకరు ఒక్కసారిగా వదిలితే బురదలో బ్రేకు పట్టదు. పేలుడప్పుడు 500 మీటర్ల లోపల మనిషి ఉండకూడదు. టీ కొట్టు కూడా మనిషే అనుకో.

వానాకాలంలో ఓబీ డంపు నెత్తిన పగుళ్లు చూడు, అడుగున నేల ఉబ్బుతుందేమో చూడు. పగులుకు రెండు వైపులా మేకులు కొట్టి, మధ్య దూరం పూటపూటకూ కొలిచి రాసిపెట్టు. రేపటి దూరం ఇవాళ్టి కన్నా పెరుగుతూ పోతుంటే కింద ఉన్న యంత్రాలను బయటికి తీయించి, తర్వాతే ఫోన్ చెయ్. నీళ్లు డంపు అడుగున నిలవకుండా కాలువ వానలకు ముందే తీసి ఉండాలి.

చేరిన వారంలో సర్వేయరు దగ్గర ప్లాను కాయితం అడిగి చూడు. డంపు ఎత్తు అందులో ఎంత రాసినారో, నీ కంటికి ఎంత కనపడిందో, రెండూ నాకు రాయి.

మీ మామ