4కె టీవీ కొన్నా బొమ్మ మసకగానే ఉందా? ముందు వెనకున్న వైర్లు చూడండి

కొత్తగా 4కె టీవీ తెచ్చుకున్నా సెట్‌టాప్ బాక్స్ బొమ్మ మసకగానే ఉందని, స్ట్రీమింగ్ స్టిక్ (టీవీకి గుచ్చి నెట్‌లో సినిమాలు చూసేది) పెట్టినా 4కె రావట్లేదని, సౌండ్‌బార్ కాకుండా టీవీ స్పీకర్లే మోగుతున్నాయని అడిగారు. ఖరీదైన కేబుల్ కొనమని ఎవరో చెప్పారని కూడా రాశారు. దయచేసి అప్పుడే ఏమీ కొనకండి. ఈ మూడు ఇబ్బందులూ మా ఇంట్లో వచ్చినవే. మూడూ వైర్లు మార్చి పెట్టి, సెట్టింగ్స్ సరిచేస్తే పోయాయి.

ముందు సెట్‌టాప్ బాక్స్ వెనక ఏ వైరు ఉందో చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు ఉంటే మసకకి కారణం అదే. ఎరుపు, తెలుపు సౌండ్‌కి. బొమ్మంతా ఆ ఒక్క పసుపు పిన్నులోంచే రావాలి, హెచ్‌డీ బొమ్మ అందులో పట్టదు. బాక్స్ హెచ్‌డీ, ఛానల్ హెచ్‌డీ, టీవీ 4కె అయినా సరే, తెర మీదకి వచ్చేది పాత డబ్బా టీవీ నాటి బొమ్మే. మా ఇంట్లో పాత టీవీ దించి కొత్తది గోడకి బిగించినప్పుడు, పాతదాని వైర్లే పీకి ఇందులో గుచ్చేశారు. నాలుగు నెలలు అలాగే చూశాం. వార్తల్లో కింద నడిచే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంటే టీవీదే లోపం అనుకున్నాం. బాక్స్‌తో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ (హెచ్‌డీ బొమ్మ, సౌండ్ రెండూ ఒకే వైరులో తెచ్చేది) అట్టపెట్టెలోనే ఉంది. అది పెట్టిన రోజు అమ్మ కూర్చున్న చోటి నుంచే ఆ అక్షరాలన్నీ చదివింది.

కేబుల్ మార్చాక బాక్స్ సెట్టింగ్స్‌లోకి కూడా వెళ్లాలి. రిజల్యూషన్ (బొమ్మలో చుక్కల లెక్క) 1080కి, అంటే ఫుల్ హెచ్‌డీకి, స్క్రీన్ 16:9కి మార్చండి. మనుషుల ముఖాలు వెడల్పుగా సాగినట్టుంటే ఈ రెండోది మార్చలేదన్నమాట. బొమ్మ అంచులు తెగిపోతుంటే టీవీ పిక్చర్ సైజులో 'జస్ట్ స్కాన్' లేదా 'స్క్రీన్ ఫిట్' పెట్టండి.

ఇంత చేసినా ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు) ఛానళ్లు మాత్రం మెత్తగానే కనిపిస్తాయి. ఆ బొమ్మలో ఉండేది 720×576, అంటే దాదాపు 4 లక్షల చుక్కలు. 4కె తెరలో 3840×2160, దాదాపు 83 లక్షలు. ఒక్కో చుక్కని ఇరవై చోట్లకి సాగదీస్తే ఏ టీవీ అయినా అంతకన్నా ఏమీ చేయలేదు.

ఇక స్టిక్ సంగతి. నేను ఎక్కువ రోజులు కొట్టుకున్నది దీనితోనే. మా సౌండ్‌బార్‌కి హెచ్‌డీఎంఐ 'ఇన్' ఉంది కదా అని స్టిక్‌ని దానికి పెట్టి, అక్కడి నుంచి టీవీకి ఒక కేబుల్ వేశాను. సౌండ్ బ్రహ్మాండంగా వచ్చింది. బొమ్మ మాత్రం ఎప్పుడూ 1080 దాటలేదు. కేబుల్ మార్చాను, నెట్ ప్లాన్ పెంచాను, ఏం లాభం లేదు. అసలు సంగతి ఏమిటంటే, యాప్‌లలోని 4కె సినిమాలకి హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ఉంటుంది. స్టిక్ నుంచి తెర దాకా మధ్యలో ఉన్న ప్రతి పరికరానికీ అది తెలిసుండాలి. ఒక్కదానికి తెలియకపోయినా స్టిక్ తనంతట తానే బొమ్మని తగ్గించి పంపుతుంది, లేదా తెర నల్లగా ఉండిపోతుంది. మా సౌండ్‌బార్ పాతది, దానికి ఆ 2.2 లేదు. స్టిక్ తీసి నేరుగా టీవీకి పెట్టగానే 4కె వచ్చేసింది. అందుకే నా సలహా ఒకటే: బొమ్మ వచ్చే పరికరాలన్నీ నేరుగా టీవీకే పెట్టండి, సౌండ్‌ని మాత్రం టీవీ నుంచి బార్‌కి పంపండి.

దానికి టీవీ వెనక 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు కావాలి. టీవీ సౌండ్‌ని బార్‌కి పంపేది అదే. సాధారణంగా ఒక్కదానికే ఆ రాత ఉంటుంది, వేరే పోర్టులో పెడితే సౌండ్ వెనక్కి రాదు. బార్ వైపు కూడా అదే రాత ఉన్న పోర్టులోనే పెట్టాలి. తర్వాత టీవీలో సౌండ్ అవుట్‌పుట్‌ని బార్‌కి మార్చి, సీఈసీ (ఒక పరికరం రిమోట్‌తో ఇంకోదాన్ని నడిపే సదుపాయం) ఆన్ చేయండి. ఈ సీఈసీకి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. అది ఆన్ అయితే టీవీ రిమోట్‌తోనే బార్ వాల్యూమ్ కూడా మారుతుంది. మూడు రిమోట్లతో తికమకపడే పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది ఎంత హాయో నేను చెప్పలేను. ఏఆర్‌సీ లేని పాత బార్ అయితే ఆప్టికల్ వైరు వాడొచ్చు. మామూలు 5.1 (చుట్టూ స్పీకర్ల సౌండ్) దాకా బాగానే వస్తుంది, పైనుంచి కూడా వినిపించే అట్మాస్ రాదు.

స్టిక్‌ని నేరుగా పెట్టాక కూడా రంగులు వెలిసినట్టుంటే, లేదా హెచ్‌డీఆర్ (వెలుగు నీడలు, రంగులు ఇంకా బాగా చూపేది) రాకపోతే, టీవీలో ఆ పోర్టు సెట్టింగ్ చూడండి. 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్', 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', 'డీప్ కలర్' లాంటి పేరుతో ఉంటుంది. చాలా టీవీల్లో కొన్నప్పుడు అది ఆఫ్‌లోనే ఉంటుంది.

కేబుల్ విషయంలో టెన్షన్ పడకండి. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. ఖరీదైన కేబుల్‌తో రంగులు మెరుగుపడవు. కేబుల్ చాలకపోతే తెర మీద మెరుపు చుక్కలు వస్తాయి, లేదా బొమ్మ వచ్చి పోతుంటుంది. అవి లేవంటే మీ కేబుల్ బాగానే ఉన్నట్టు. 4కె 60 హెర్ట్జ్‌కి (సెకనుకి 60 బొమ్మలు) సెకనుకి 18 గిగాబిట్లు మోసే 'ప్రీమియం హై స్పీడ్' చాలు. 48 గిగాబిట్ల 'అల్ట్రా హై స్పీడ్' అవసరమయ్యేది 4కె 120 హెర్ట్జ్‌లో గేమ్స్ ఆడేవాళ్లకి. కేబుల్ ఎంత పొట్టిదైతే అంత మంచిది.

నెట్ గురించి రెండు మాటలు. నెట్‌ఫ్లిక్స్ 4కెకి 15 ఎంబీపీఎస్ ఉండాలంటుంది. రూటర్ దగ్గర ఎంత వస్తోందో కాదు, టీవీ దగ్గర ఎంత వస్తోందో చూడండి. గోడలు అడ్డం లేకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తుంటే, దానితో వచ్చిన అడాప్టర్‌కి మార్చండి. మాది సినిమా మధ్యలో రీస్టార్ట్ అవుతుండేది, అడాప్టర్ పెట్టాక మళ్లీ ఆగలేదు.

మీ సౌండ్‌బార్ వెనక పోర్టుల పక్కన ఏం రాసి ఉందో చూసి, ఒక ఫొటో పెట్టండి. ఏ వైరు ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కటిగా చెబుతాను.