డిగ్రీ తర్వాత హైస్కూల్ ఇంగ్లీష్ టీచర్ కావాలంటే ఏం చేయాలి?

మిర్యాలగూడలో బీఏ ఫైనలియర్ చదువుతున్నారు, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పాలనుంది, దారేంటని అడిగారు.

ముందు మీ మార్కుల మెమో తీసి చూడండి. ఇంగ్లీష్ ఆప్షనల్ సబ్జెక్టుగా ఉందా, లేక అందరూ చదివే జనరల్ ఇంగ్లీషేనా? చాలామంది దెబ్బతినేది ఇక్కడే. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు, అంటే హైస్కూల్ టీచర్ ఉద్యోగానికి, జనరల్ ఇంగ్లీష్ లెక్కలోకి రాదు. ఆప్షనల్ లేకపోతే ఎంఏ ఇంగ్లీష్ చేయాల్సిందే. బీఎడ్‌లోనూ ఇంగ్లీష్ మెథడాలజీ (ఇంగ్లీష్ బోధనా పద్ధతుల సబ్జెక్టు) ఉండి తీరాలి, సీటు తీసుకునేటప్పుడే అడిగి తేల్చుకోండి.

బీఎడ్ రెండేళ్లు, ప్రవేశం ఎడ్‌సెట్ పరీక్ష ద్వారా. దానికి అంత టెన్షన్ అక్కర్లేదు. అసలు పోటీ టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్ 2, డీఎస్సీ (టీచర్ పోస్టుల నియామక పరీక్ష) దగ్గర. 2024 డీఎస్సీలో పరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. అందుకే టెట్ పాసైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాస్తుంటారు.

బీఎడ్‌లో ఇంటర్న్‌షిప్‌ను మాత్రం సంతకాల కోసం చేయకండి. దేవరకొండ వైపు ఏ ఊరి బడికైనా వెళ్లండి. ఎనిమిదో తరగతి పిల్లాడు గైడ్ చూసి జవాబులు ముత్యాల్లా రాస్తాడు. పొద్దున ఏం తిన్నావని ఇంగ్లీష్‌లో అడిగితే నోరు విప్పడు. లెసన్ ప్లాన్‌లో ఎన్ని గడులు నింపినా వాడిచేత ఒక్క వాక్యం పలికించడం రాదు. రోజూ పది నిమిషాలు పుస్తకం మూయించి, వాళ్ల బతుకమ్మ, పత్తి చేను, బస్సు గురించే మాట్లాడించండి. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు.