పంచదార ఎక్కడికి పోయిందిరా?

నాయనా,

నీ ఉత్తరమూ, జాడీ ఫోటోనూ చేరాయి. వోడ్కాలోకి నిమ్మతొక్కల రంగు బాగానే దిగింది. లెక్కే తప్పావు. 40 శాతం వోడ్కా 750 మిల్లీలీటర్లు, పాకానికి నీళ్లు 300, కాబట్టి లిక్యూర్‌లో, అదే నీ తియ్యటి నిమ్మ మద్యంలో, ఆల్కహాల్ 28 శాతం పైనే వస్తుందని రాశావు. మరి అందులో కరిగించబోయే 300 గ్రాముల పంచదార ఏమైంది? కరిగి కంటికి కనబడకపోతే చోటు తీసుకోదా? గ్రాము పంచదార కరిగాక సుమారు 0.6 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. అంటే నీ పాకం 300 కాదు, 480.

ఇప్పుడు మళ్లీ వెయ్యి. 750లో 40 శాతం, అంటే అసలు ఆల్కహాల్ 300. మొత్తం 1230. 300ని 1230తో భాగించి 100తో గుణిస్తే 24 చిల్లర. నీళ్లు, పంచదార ఎన్ని పోసినా ఆ 300 పెరగదు. అది పరుచుకునే చోటే పెరుగుతుంది.

ఇంకో చిక్కుంది. తొక్కలు కొంత వోడ్కాని పీల్చుకుని ఉంచేసుకుంటాయి. 750 పోసినా వడకట్టాక 700 రావచ్చు. అందుకని వచ్చినదాన్ని కొలిచి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టు. తొక్కలోని తడి కూడా అందులోకి దిగుతుంది గనుక అసలు ఘాటు నీ లెక్క కన్నా కాస్త తక్కువే ఉంటుంది. ఇంట్లో తాగేదానికి ఆ తేడాతో టెన్షన్ పడక్కర్లేదు.

ద్రవంలో తేలుతూ అది ఎంత చిక్కనో చెప్పే హైడ్రోమీటర్ కొంటానన్నావు, వద్దు. ఒకప్పుడు నేనూ కొన్నాను. లిక్యూర్‌లో ముంచితే స్కేలులో లేని చోట తేలింది. పరికరం పాడైందని రెండు రోజులు తిట్టుకున్నాను. ఆల్కహాల్ ద్రవాన్ని తేలిక చేస్తుంది, పంచదార బరువెక్కిస్తుంది. రెండూ కలిసి ఉంటే పాపం అదేం చెబుతుంది?

నాలుకనీ నమ్మకు. తీపి ఘాటుని దాచేస్తుంది. షర్బత్ అనుకుని గ్లాసులకు గ్లాసులు తాగేసినవాళ్లని చూశాను.

ఎప్పుడైనా 95 శాతం స్పిరిట్‌తో చేస్తే లెక్క వెనక నుంచి రా. అర లీటరులో ఆల్కహాల్ 475. నీకు 30 శాతం కావాలంటే 475ని 0.30తో భాగించు, 1583 వస్తుంది. అంటే పాకం సుమారు 1080 కావాలి. నీళ్లు 730, పంచదార 580 గ్రాములు వేస్తే సరిపోతుంది. స్పిరిట్, నీళ్లు కలిసినప్పుడు మొత్తం కాస్త కుంచించుకుపోతుంది, కొలతలో కొంచెం తగ్గితే కంగారుపడకు. పొయ్యి దగ్గర మాత్రం ఆ సీసా మూత తీయొద్దు, ఇట్టే అంటుకుంటుంది. తాగడానికని అమ్మే స్పిరిట్ తప్ప మరొకటి ముట్టుకోకు. పరిశ్రమల స్పిరిట్‌లో మిథనాల్ ఉండొచ్చు, అది చూపు తీసేస్తుంది, ప్రాణమూ తీస్తుంది.

ఫోటోలో కొన్ని తొక్కలకి తెల్లపొర అంటుకుని కనిపించింది. చేదంతా అందులోనే ఉంటుంది, ఏరి పారెయ్. ఈసారి పీలర్‌తో పైపైన రంగు మేరకే తియ్యి. వోడ్కా కాబట్టి మూడు నాలుగు వారాలు ఆగు. తొక్క వెలిసిపోయి, వంచితే పుటుక్కున విరిగితే దాని సారం దిగినట్టే. పాకం పూర్తిగా చల్లారాకే కలుపు. వేడిగా పోస్తే ఆల్కహాల్ కొంత ఆవిరైపోతుంది, మన లెక్కా దానితోనే పోతుంది. కలిపాక పాలలా మసకబారితే పాడైందనుకుని పారబోసేవు, అది తొక్కలోని నూనె విడివడటమే.

వడకట్టాక ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో నాకు రాయి. అప్పటిదాకా పాకం కాయకు.

మీ పెదనాన్న