రక్తం సంచి మీద 'మలేరియా నెగెటివ్' అని ఉంటే పూర్తిగా నమ్మవచ్చా?

థలసీమియా ఉన్న మీ బాబుకు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తున్నామనీ, సంచి చీటీ మీద 'మలేరియా నెగెటివ్' అని ఉంటే ఇక భయం లేనట్టేనా అనీ అడిగారు. హైదరాబాదులో ఒక బ్లడ్ బ్యాంకులో పదకొండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆ చీటీని నమ్మండి, కానీ ఆ పరీక్ష ఎంతవరకు పట్టుకోగలదో తెలుసుకుని నమ్మండి.

మన దేశంలో సేకరించిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్‌లతో పాటు మలేరియా పరీక్ష కూడా తప్పనిసరి. దానికి ర్యాపిడ్ కిట్ వాడతారు, లేదా స్లైడ్ మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూస్తారు. మైక్రోలీటరు రక్తంలో 200 పరాన్నజీవులుంటే కిట్ మీద పాజిటివ్ గీత సాధారణంగా వస్తుంది. అంతకంటే బాగా తక్కువుంటే రాకపోవచ్చు. మైక్రోలీటరుకు ఒక్కటే ఉందనుకున్నా, 350 మిల్లీలీటర్ల సంచిలో మూడున్నర లక్షలవుతాయి. ఫ్రిజ్‌లో పెట్టినా అవి కొన్ని రోజుల పాటు బతికే ఉంటాయి. దోమ కడుపులో ఈ పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టరు 1897 ఆగస్టులో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే; రక్తం ఎక్కించేటప్పుడు మాత్రం దానికి దోమతో పనే లేదు.

అందువల్ల కిట్ కంటే ముందు దాతను అడిగే ప్రశ్నలే అసలైన జల్లెడ అని నా అనుభవం. ఒక వానాకాలం, ఆపరేషన్ కోసం చేరిన తన మేనమామకు ఎక్కించే రక్తానికి బదులుగా రక్తమివ్వడానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఫారంలో జ్వరం దగ్గర 'లేదు' అని టిక్కు పెట్టాడు. చేతికి పట్టీ కడుతూ, "ఈమధ్య ఊరెళ్లారా?" అని అడిగితే, భద్రాచలం వైపు పనికి వెళ్లాననీ, అక్కడ చలిజ్వరం వస్తే మలేరియా మాత్రలు వాడాననీ, తగ్గి రెండు నెలలైందనీ చెప్పాడు. అతని కిట్ పరీక్ష నెగెటివే వచ్చింది. అయినా మలేరియా పూర్తిగా తగ్గాక మూడు నెలలు ఆగాలన్న నియమం ఉంది కనుక వద్దన్నాను. వాళ్లమ్మ, "మనిషి ప్రాణం మీదికొస్తే నీ రూలేంటమ్మా" అని ఏడ్చింది. ఆమె బాధ నాకు అర్థమైంది; అయినా ఆ సంచి ఎవరికి ఎక్కుతుందో తెలియదు కదా.

మీరు చేయగలిగినవి మూడున్నాయి. బదులు దాతలుగా వచ్చే బంధువులతో జ్వరం, ప్రయాణం దాచవద్దని ముందే చెప్పండి. రక్తం ఎక్కించాక కొన్ని వారాల్లోపు బాబుకు జ్వరం వస్తే, రక్తం ఎక్కించిన తేదీ డాక్టరుగారికి చెప్పి మలేరియా స్లైడ్ కూడా చేయించమని అడగండి. ప్రతిసారీ సంచి నంబరును బాబు ఫైల్లో రాసుకోండి. ఆ నంబరుంటే బ్లడ్ బ్యాంకు వాళ్లు దాతను గుర్తించి, మళ్లీ పరీక్షించి, అదే రక్తంలోంచి తీసిన మిగతా సంచులు ఎక్కడున్నా ఆపగలరు.