తుమ్మితే తడిసిపోవడం మామూలేలే అనుకోకు

బంగారూ,

ఏడో నెల వచ్చింది, స్కాన్ కూడా బాగుందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. తుమ్మొస్తే రెండు చుక్కలు పడిపోతున్నాయి పెద్దమ్మా అని ఫోన్‌లో గొంతు తగ్గించి చెప్పావు చూడు, దాని గురించే రాస్తున్నా. మీ అమ్మేమో అందరికీ అయ్యేదే, కాన్పయ్యాక సర్దుకుంటుందిలే అంటుంది. చాలామందికి అయ్యేదే, ఒప్పుకుంటా, కానీ అందరికీ దానంతట అది సర్దుకోదు. నా సర్వీసంతా ఫిజియోథెరపీ డిపార్ట్‌మెంట్‌లోనే గడిచింది కదా, యాభై దాటాక మోకాళ్ళ నొప్పని వచ్చేవాళ్ళని కాస్త కదిపితే బస్సెక్కాలంటే భయం, బయటికెళ్ళే రోజు నీళ్ళు తాగను, మొదటి కాన్పు నుంచీ ఇంతేనమ్మా అనేవాళ్ళు, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు పాపం.

కటి ఎముకల అడుగున ముందు నుంచి వెనకదాకా ఉయ్యాల గుడ్డ కట్టినట్టు కండరాలుంటాయి, పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రసంచి, గర్భసంచి, మలం దారి అన్నిటికీ ఆసరా అదే. ఇప్పుడు దాని మీద బిడ్డ బరువు పడుతోంది, పైగా రిలాక్సిన్ లాంటి హార్మోన్లు లిగమెంట్లని, అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీల్ని, వదులు చేస్తాయి, అందుకే లీకులు, నడుంనొప్పి, తొడలు కలిసేచోట ముందు ఎముక దగ్గర పోటు. ఆ పోటు వస్తే కాళ్ళు ఎడం చేసే పనులు తగ్గించు, కారు దిగేటప్పుడు రెండు మోకాళ్ళూ కలిపి తిరిగి దిగు, ప్యాంటు కూర్చుని వేసుకో, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కు. పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకో, ఈ నెల నుంచి వెల్లకిలా వద్దు.

ఇక కెగెల్, అంటే ఈ కింద కండరాలకి చేసే ఎక్సర్‌సైజ్. కెగెల్ అనేది ఒక అమెరికా గైనిక్ డాక్టర్ పేరు, ఆయన 1948లో దీని గురించి రాశాడు, పేరు అందరికీ తెలుసు గానీ చేసేది మాత్రం చాలామంది తప్పు చేస్తారు. గ్యాస్ బయటికి పోకుండా ఆపుకున్నట్టు వెనక బిగించి, యూరిన్ ఆపుకున్నట్టు ముందు కూడా బిగించి, లోపలికి పైకి లాగాలి. పిరుదులు, తొడలు బిగుస్తున్నాయంటే నువ్వు చేసేది అది కాదు, ఊపిరి బిగపట్టినా కాదు. ఐదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి పూర్తిగా వదిలెయ్, వదలడం కూడా ఎక్సర్‌సైజే, అంతసేపూ వదిలే ఉంచు. అలా 8 నుంచి 10 సార్లు, రోజుకి మూడు పూటలు, తర్వాత గబగబా పట్టి వదలడం ఇంకో పది. తుమ్మొచ్చేముందు ఒక్కసారి బిగించడం అలవాటు చేసుకో, లీక్ అక్కడే చాలావరకు ఆగుతుంది. బాత్రూంలో నిజంగా యూరిన్ పోస్తూ మధ్యలో ఆపి మాత్రం ప్రాక్టీస్ చెయ్యకు. కనీసం మూడు నెలలు వదలకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది, వారం చేసి లాభంలేదు అనకు.

కొంతమందికి ఆ కండరాలు వదులు కాదు, ఉల్టా బిగుసుకుపోయి ఉంటాయి, వాళ్ళు కెగెల్ చేస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది. అందుకే వీడియోలు చూసి చెయ్యడం కంటే ఒకసారి ఫిజియోకి చూపించుకోమనేది. ఫోన్ చేసినప్పుడే పెల్విక్ ఫ్లోర్ చూస్తారా అని అడుగు, లేడీ ఫిజియో కావాలని చెప్పు, సిగ్గేం లేదు. లోపల పరీక్ష అవసరమైతే నీ డాక్టర్‌ని, నిన్ను అడిగే చేస్తారు, వద్దంటే మానేస్తారు. కొన్నిచోట్ల నడుంనొప్పి అనగానే మెషిన్ పెట్టి పంపించేస్తారు, కడుపుతో ఉన్నానని ముందే చెప్పు, ఒంట్లోకి వేడి పంపే షార్ట్ వేవ్ డయాథర్మీ మెషిన్ అయితే అస్సలు పెట్టకూడదు.

నడక వారానికి మొత్తం 150 నిమిషాలు ఉండేలా చూసుకో, మాట్లాడుతూ నడవగలిగేంత స్పీడ్ చాలు. కానీ మాయ కిందకి ఉందన్నా, గర్భసంచి మూతికి కుట్టు వేసినా, బీపీ ఉన్నా డాక్టర్ని అడక్కుండా ఏదీ మొదలెట్టొద్దు. చేస్తుండగా బ్లీడింగ్, ఉమ్మనీరు కారడం, ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, బిడ్డ కదలిక తగ్గడం, ఇందులో ఏదున్నా ఆపేసి హాస్పిటల్‌కే. వంగి ఇల్లు ఊడిస్తే నార్మల్ గ్యారంటీ అని మీ అమ్మమ్మ అంటుంది చూడు, ఒళ్ళు కదలడం మంచిదే గానీ గ్యారంటీలు ఎవరూ ఇవ్వలేరు.

ఆపరేషన్ గురించి కూడా ముందే తెలుసుకో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60 దాటి, ఆంధ్రలో 42 సిజేరియన్లే ఉన్నాయి. ఆపరేషన్ అయింది కాబట్టి కింద కండరాలకి ఏం కాలేదు అనుకోకు, తొమ్మిది నెలలూ మోసింది అవే. మంచం మీద పాదాలు పైకీ కిందకీ ఆడిస్తూ ఉండు, డాక్టర్ లేవమనగానే ఎవరినైనా పట్టుకుని నాలుగడుగులు వెయ్యి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అది. లేచేటప్పుడు నిటారుగా లేవకు, పక్కకి తిరిగి చేత్తో నొక్కి లేవాలి, దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకో. ఆరు వారాలు నీ బిడ్డ కంటే బరువైనది ఎత్తకు, నీళ్ళ బకెట్ కూడా. నడుముకి మత్తు సూది వేశారు అందుకే జీవితాంతం నడుంనొప్పి అని మన వైపు ప్రతి ఇంట్లో వింటావు, సూది గుచ్చినచోట నొప్పి కొన్నాళ్ళుండి పోతుంది, ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి ఎక్కువగా కారణం పొట్ట, నడుము కండరాలు బలం తగ్గడం, వంగిపోయి పాలివ్వడం. ఒళ్ళో దిండు పెట్టి బిడ్డని నీ ఎత్తుకి తెచ్చుకో, నువ్వు బిడ్డ మీదికి వంగకు. బొటనవేళ్ళు చాపి చంకల కింద పట్టి ఎత్తితే మణికట్టు దగ్గర నొప్పి పట్టుకుంటుంది, అరచేతులు కింద నుంచి పోనిచ్చి ఎత్తు.

నడికట్టు దగ్గర మీ అమ్మతో గొడవ తప్పదు. కాస్త ఆసరాగా, నడిచేటప్పుడు వదులుగా కట్టుకుంటే ఫర్లేదు. ఊపిరాడనంత బిగిస్తే ఆ ఒత్తిడంతా కిందకే పోతుంది, లీక్ ఇంకా పెరుగుతుంది, గుడ్డ కట్టినంత మాత్రాన కండరం బలపడదు. బాలింతకి నీళ్ళు తక్కువివ్వడం ఇంకోటి, పొట్టొస్తుందట! దాంతో మోషన్ గట్టిపడి ముక్కుతారు, కుట్లకీ కింద కండరాలకీ అంతకంటే చెడ్డది లేదు. పాలిచ్చేదానికి నీళ్ళు ఇంకా ఎక్కువే కావాలి, వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ళకింద చిన్న పీట వేసుకో.

కాన్పయిన ఆరు, ఎనిమిది వారాలకి మోకాళ్ళు మడిచి పడుకుని, తల కొంచెం ఎత్తి, బొడ్డు పైనా కిందా వేళ్ళతో నొక్కి చూసుకో, పొట్ట కండరాల మధ్యలో రెండు వేళ్ళకంటే ఎక్కువ సందు తగిలితే ఫిజియోకి చూపించు, అప్పటిదాకా సిటప్‌లు వద్దు. జిమ్‌లో పరుగులు, గెంతులు 12 వారాల లోపు మాట్లాడకు, ఆ తర్వాతైనా లీక్, కిందకి జారినట్టు బరువు లేకపోతేనే. ఫ్రాన్స్‌లో అయితే కాన్పు తర్వాత ఈ కండరాల ఫిజియోని ప్రభుత్వ బీమా కిందే చేయిస్తారు, మన దగ్గర మనమే అడిగి చేయించుకోవాలి.

పుట్టింటికి కారులో వచ్చేటప్పుడు సీటు బెల్టు కింద పట్టీ పొట్ట కింద నుంచి, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పోయేలా పెట్టుకో, దారిలో అప్పుడప్పుడూ ఆపించి దిగి నడువు. అల్లుడికి కూడా చెప్పు, ఆపమంటే విసుక్కోవద్దని.

మీ పెద్దమ్మ