మంచు మీద నడవబోయే అమ్మాయికి

కావలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సుకు నీకు సీటు వచ్చిందని మీ నాన్న చెప్పగానే చాలా సంతోషించాను. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు మన జిల్లావాడే. అంతటివాడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం కోల్పోయాడు. అందుకే, సైన్యంలో మంచు ప్రాంతాల్లో పనిచేసినవాడిగా కొన్ని సంగతులు రాస్తున్నాను.

ఆదివారాలు ఉదయగిరి కొండ ఎక్కుతున్నావట, మంచిదే. అది కాళ్లకు బలమిస్తుంది గాని ఎత్తుకు అలవాటు చేయదు. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెరగకూడదు. తలనొప్పితో పాటు నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది మెదడుకో ఊపిరితిత్తులకో నీరు పట్టిన లక్షణం కావచ్చు. మొహమాటపడకుండా చెప్పి వెంటనే కిందికి దిగాలి.

హిమానీనదం మీద, అంటే కొండల్లో మెల్లగా కదిలే పెద్ద మంచుగడ్డ మీద, అసలు ప్రమాదం కంటికి కనిపించదు. వాలు పెరిగే చోట, మలుపు తిరిగే చోట మంచుగడ్డ నెర్రెలు విచ్చుతుంది. కొత్తగా కురిసిన మంచు వాటిని పైకప్పులా మూసేస్తుంది. నేల మీద సన్నగా, పొడుగ్గా కుంగిన గీత కనిపించినా, రంగు కాస్త మందగించినా ఆగి, ఐస్ యాక్స్ (మంచుగొడ్డలి) పిడితో గుచ్చి చూడు. పిడి అడ్డులేకుండా దిగబడితే అటు అడుగు వేయవద్దు. ఎండకు ఆ కప్పు మెత్తబడుతుంది కాబట్టి, తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నానికల్లా గుడారం చేరడం మేలు.

తాడు విషయంలో మాత్రం ఎవరెంత తొందరపెట్టినా వినకు. ఒకే తాడుకు కట్టుకున్నవారు పది పదిహేను మీటర్ల ఎడం పాటించాలి. తాడు నేలను తాకీ తాకనట్టుండాలే గాని, కాళ్ల దగ్గర కుప్పపడకూడదు. వదులు ఎంత ఉంటే, పడినవారు అంత లోతుకు పోతారు, మిగతావారిని అంత గట్టిగా లాగుతారు.

నెర్రెలో పడ్డాక తాడు పట్టుకుని పైకి రావడానికి ప్రుసిక్ ముడి కావాలి, అంటే బరువు పడితే పెద్ద తాడును బిగబట్టి, బరువు తీస్తే పైకి జరిగే ముడి. ఆరు మిల్లీమీటర్ల తాడు ముక్కలు రెండు మీ నాన్నతో పంపుతున్నాను. మందపాటి గ్లోవ్స్ తొడుక్కుని, కళ్లు మూసుకుని తడబడకుండా ముడి వేయగలిగే వరకు రోజూ సాధన చెయ్యి.

మీ పెదనాన్న