పాత డీఎస్ఎల్ఆర్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ప్రకటనలనూ, వాటితో పెట్టిన ఫొటోలనూ శ్రద్ధగా చూశాను. రాజమండ్రిలో అమ్మకానికి ఉన్న కానన్ 1300డి 2016లో వచ్చిన కెమెరా. భీమవరంలో ఉన్న నికాన్ డి3300 అంతకంటే రెండేళ్ళు పాతది, 2014 నాటిది. ఇంత పాత కెమెరా మీద ఇప్పుడు డబ్బు పెట్టవచ్చునా అని అడిగావు. పెట్టవచ్చుననే నా అభిప్రాయం. అయితే అది మోడల్ పేరు విని చెప్పేయదగ్గ మాట కాదు. నీ చేతికి రాబోయే ఆ ఒక్క కెమెరాను, దానితో ఇచ్చే ఆ ఒక్క లెన్స్‌ను దగ్గర పెట్టుకుని పరీక్షించి చెప్పవలసిన మాట. మన డెల్టా గాలిలో ఇన్నేళ్ళు గడిపిన సామాను విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ముందుగా వయసు సంగతి. పదేళ్ళ క్రితం మంచి బొమ్మ తీసిన సెన్సర్, అంటే లోపల వెలుతురును పట్టే చిప్పు, ఇవాళ కూడా అదే బొమ్మ తీస్తుంది. 1300డిలో ఉన్నవి 18 మెగాపిక్సెళ్ళే కదా, ఫోన్లలోనే అంతకంటే ఎక్కువ ఉన్నాయి కదా అని నీ స్నేహితులు అన్నారని రాశావు. ఆ కెమెరా ఇచ్చే బొమ్మ అడ్డంగా 5184, నిలువుగా 3456 చుక్కలు ఉంటుంది. మా స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌కు వేసే పేజీ 12×18 అంగుళాలు; ఆ లెక్కన అంగుళానికి 288 చుక్కలు పడతాయి. చేతిలో పట్టుకుని చూసే అచ్చుకు అంతకు మించి అక్కర లేదు. డి3300లో 24 మెగాపిక్సెళ్ళు ఉన్నాయి కనుక, బొమ్మను కొంత కత్తిరించుకున్నా ఇబ్బంది ఉండదు. కాబట్టి మెగాపిక్సెళ్ళ గురించి ఆలోచించడం ఇంతటితో మానెయ్యి.

వయసు వల్ల నిజంగా వచ్చే చిక్కు వేరే ఉంది. నికాన్ వారు ఈ వరుసలో చివరగా 2018లో డి3500 తెచ్చారు, ఆ తరువాత కొత్తది తేలేదు. నువ్వు చూస్తున్న డీఎస్ఎల్ఆర్‌లు లోపల అద్దం ఉండే రకం; రెండు కంపెనీలూ అద్దం లేని కెమెరాల వైపు మళ్ళాయి. రేపు బొమ్మ తీసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే షట్టరు పోతే, లేదా మదర్‌బోర్డు పోతే, బాగుచేయించే ఖర్చు ఇంచుమించు కెమెరా ధరంత అవుతుంది. కనుక బాడీని, అంటే లెన్స్ కాక మిగతా కెమెరాను, పోతే పోయింది అనుకోగలిగినంత ధరకే కొనాలి. లెన్స్ సంగతి అలా కాదు. కానన్ పాత రకం ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టరు (మధ్యలో బిగించే రింగు) పెట్టుకుంటే ఇప్పటి అద్దం లేని ఆర్ఎఫ్ కెమెరాల మీద కూడా పూర్తిగా పనిచేస్తాయి. నికాన్ ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లెన్స్‌లు కూడా అడాప్టరుతో నికాన్ వారి అద్దం లేని జెడ్ కెమెరాల మీద ఆటోఫోకస్ చేస్తాయి. కొత్త ఆర్ఎఫ్, జెడ్ లెన్స్‌లు మాత్రం ఈ పాత బాడీలకు ఎక్కవు. అందువల్ల మంచి లెన్స్ మీద పెట్టిన సొమ్ము తరువాతి కెమెరాకు కూడా అక్కరకు వస్తుంది. నీ దగ్గర ఉన్న మొత్తంలో బాడీకీ, దానితో పాటు వచ్చే కిట్ లెన్స్‌కీ కలిపి సగం మించనివ్వకు, మిగతా సగం మరో లెన్స్ కోసం ఉంచుకో. ఆ సగంలో బేరం కుదరకపోతే ఆ కెమెరా నీకు గిట్టదన్న మాట.

ఇక నువ్వు తీయదలచినవి ఏమిటో చూద్దాం. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, కొల్లేటి వైపు ఆటపాక పక్షులు, కడియం నర్సరీల పూలు, అక్క సీమంతం అని రాశావు. వీటిలో ప్రభల తీర్థానికి రెండు కెమెరాలూ చాలు. పట్టపగటి వెలుతురు, కావలసినంత రంగు, కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్స్‌ను ఎక్కువ వెడల్పు చూపే 18 వైపు పెడితే ప్రభ మొత్తం ఫ్రేములో పడుతుంది. 1300డి సెకనుకు మూడు బొమ్మలు, డి3300 అయిదు బొమ్మలు తీస్తాయి. ప్రభను భుజాల మీద ఎత్తుకుని కౌశిక నది దాటించే క్షణాల్లో ఆ రెండు బొమ్మల తేడా నీకు తెలుస్తుంది. ఈ రెండింటికీ నీటి నుంచీ దుమ్ము నుంచీ రక్షణ లేదు కనుక, ఆ జనంలో నీళ్ళలోకి దిగి తీసే ఆలోచన పెట్టుకోవద్దు.

పక్షులకు 18-55 ఎందుకూ పనికిరాదు. దూరపు వాటిని దగ్గరగా చూపే లెన్స్ కావాలి; కానన్ అయితే 55-250 ఎస్‌టీఎం, నికాన్ అయితే 70-300 ఏఎఫ్-పి వెతుక్కో. కానన్ చిన్న సెన్సర్ మీద 250 ఎంఎం అంటే పెద్ద సెన్సర్ మీద 400 ఎంఎం చూపించే దృశ్యంతో సమానం. చెట్ల మీద గూళ్ళు కట్టుకున్న గూడబాతుల వంటి పెద్ద పక్షులకు అది సరిపోతుంది. ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకో. నికాన్ డి3000 వరుస బాడీలలో ఫోకస్ మోటారు ఉండదు. ఎవరైనా పాత 50 ఎంఎం ఎఫ్ 1.8 డి లెన్స్ చవకగా ఇస్తామంటే, అది తగులుకుంటుంది కానీ ఆటోఫోకస్ చేయదు. పేరులో ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో ఉన్నదే నీకు పనికివస్తుంది. ఏఎఫ్-పి కోసం డి3300లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది వేసి ఉండాలి. కానన్‌లో ఈ తలనొప్పి లేదు. 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్స్‌లన్నింటిలోనూ మోటారు లెన్స్‌లోనే ఉంటుంది.

కొబ్బరితోటల్లో తీసేవాడికి సెన్సర్ల తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆకుల కింద చిమ్మచీకటి, ఆకుల సందుల్లో తెల్లగా మండిపోయే ఆకాశం, నేల మీద చారలు చారలుగా ఎండ. ఇటువంటి చోట ఆకాశం పాడవకుండా వెలుతురు తగ్గించి తీసి, తరువాత రా ఫైలులో, అంటే కెమెరా కుదించకుండా దాచిన అసలు ఫైలులో, నీడలను పైకి తేవాలి. అలా తెచ్చినప్పుడు డి3300 నీడలు శుభ్రంగా వస్తాయి. 1300డి నీడల్లో రంగుల ఇసుక లేస్తుంది. ఈ ఒక్క కారణం వల్ల, మిగతావన్నీ సమానంగా ఉంటే, నా మొగ్గు నికాన్ వైపే. ఫోన్‌లోకి బొమ్మలు పంపే వైఫై మాత్రం 1300డిలోనే ఉంది, డి3300లో లేదు.

సీమంతంలో వీడియో కూడా తీస్తానన్నావు. అందుకోసమే అయితే ఈ రెండింటిలో ఏదీ కొనవద్దు. వెనుక తెర మీద చూస్తూ తీసేటప్పుడు రెండింటి ఫోకసూ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ తడబడుతుంది, 1300డిలో మైకు పెట్టుకునే చోటు కూడా లేదు. నీ ఫోనే ఆ పని మెరుగ్గా చేస్తుంది.

ఇప్పుడు పరీక్ష. ఇది పగటి పూట, తొందర లేకుండా, అమ్మేవారి ఇంట్లోనే చేయాలి. నీ సొంత మెమరీ కార్డు, ఒక చిన్న టార్చి తీసుకువెళ్ళు.

అన్నింటికంటే ముందు లెన్స్‌ను బాడీ నుంచి విప్పి, వెనుక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడు. తరువాత అటువైపు నుంచి ఇటు చూడు. మన వైపు వానాకాలంలో బీరువాలో ఉన్న తోలు చెప్పులే బూజు పడతాయి; అదే బూజు లెన్స్ లోపలి గాజు మీద సాలెగూడు పోగుల్లా అంచు నుంచి మధ్యకు పాకుతుంది. మామూలు వెలుతురులో అది కనిపించదు, టార్చి ఏటవాలుగా పడితేనే తెల్లగా మెరుస్తుంది. నాలుగు ధూళి కణాలు లోపల ఉంటే లెక్క చేయవద్దు, వాటి వల్ల బొమ్మకు ఏమీ కాదు. పోగులు కనిపిస్తే మాత్రం, తుడిపిస్తే పోతుందని వాళ్ళు ఎంత చెప్పినా ఆ లెన్స్ వద్దు. బూజు గాజు మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ మిగులుతుంది. పైగా దాన్ని తెచ్చి నీ మిగతా లెన్స్‌ల పక్కన పెడితే వాటికీ అంటుకోవచ్చు. అటువంటప్పుడు బాడీ ఒక్కటే ఎంతకు ఇస్తారో అడుగు.

బ్యాటరీ గదిలో, ఫ్లాష్ తగిలించే గాడిలో, లెన్స్ బిగించే మౌంటు మరల మీద పచ్చటి చిలుము గానీ తుప్పు గానీ ఉందేమో చూడు. అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు ఒడ్డున తిరిగిన కెమెరాలకూ, గోదావరి వరదల్లో తడిసి ఎండబెట్టిన కెమెరాలకూ ఈ గుర్తులు ఉంటాయి. పైన ఎంత తుడిచి తెచ్చినా మరల తలల్లో అవి దాగవు. ఉప్పు తగిలిన బోర్డు ఇవాళ పనిచేస్తుంది, ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

తరువాత లెన్స్ తగిలించి, అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 8కీ, ఆపైన ఇంకా చిన్నదైన ఎఫ్ 11కీ పెట్టి, జూమ్ ఒక చివరా, మధ్యలోనూ, మరో చివరా కొన్నేసి బొమ్మలు తీయి. బాగా వాడిన కానన్ 18-55 లెన్స్‌లో లోపలి రిబ్బను తెగుతూ ఉంటుంది. తెరిచిన అపర్చర్‌లో చక్కగా తీస్తుంది, మూయమనగానే తెర మీద ఎర్రర్ చూపిస్తుంది. అమ్మేవారు గదిలో తీసి చూపించే నాలుగు బొమ్మల్లో ఈ లోపం బయటపడదు. కానన్ లెన్స్ మీద ఐఎస్ అన్న అక్షరాలు ఉన్నాయో లేదో కూడా చదువు. అవి లేకుంటే చేతి వణుకును ఆపే ఏర్పాటు దానిలో లేనట్లే, ధర ఆ మేరకు తగ్గాలి.

ఫోకస్ చూసేందుకు ఒక దినపత్రికను బల్ల మీద పరచి, ఏటవాలుగా కూర్చుని, మధ్యలో ఉన్న ఒక పంక్తి మీద మధ్య ఫోకస్ చుక్క పెట్టి, కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ నుంచి చూస్తూ ఒకటి, వెనుక తెర మీద చూస్తూ ఒకటి తీయి. రెండింటినీ పెద్దది చేసి చూడు. తెర మీద తీసిన దానిలో ఆ పంక్తి నిక్కచ్చిగా ఉండి, వ్యూఫైండర్‌తో తీసిన దానిలో ముందు పంక్తో వెనుక పంక్తో స్పష్టంగా ఉంటే, లోపలి ఫోకస్ అమరిక కదిలిందని అర్థం. ఖరీదైన బాడీలలో దీన్ని మెనూలో సరిచేసుకోవచ్చు, ఈ రెండింటిలో ఆ సౌకర్యం లేదు.

సెన్సర్ ధూళి పరీక్ష త్వరగా అయిపోతుంది. ఎఫ్ 16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, ఖాళీ ఆకాశాన్ని తీసి నల్ల చుక్కలు ఎన్ని ఉన్నాయో చూడు. కొద్దిగా ఉంటే గాలి ఊదే బ్లోయరుతో పోతాయి.

షట్టరు ఎన్నిసార్లు కొట్టుకుందో తెలుసుకోవడం నికాన్‌లో సులువు. కెమెరా నుంచి నేరుగా వచ్చిన జేపెగ్ ఫైలులోనే ఆ లెక్క దాగి ఉంటుంది, ఉచితంగా దొరికే ఎగ్జిఫ్ టూల్ అనే ప్రోగ్రాం దాన్ని చూపిస్తుంది. డి3300 షట్టరును లక్ష సార్లు పరీక్షించారు. యాభై వేల లోపు ఉంటే నిశ్చింతగా తీసుకో, ఎనభై వేలు దాటితే పెళ్ళిళ్ళలో తిరిగిన కెమెరా అనుకుని ధర బాగా తగ్గించమను. 1300డి ఫైలులో ఆ లెక్క రాయదు. ఫైలు పేరులోని అంకెను చూపించి ఇంతే తీశామని వాళ్ళు అంటే నమ్మవద్దు, ఆ అంకెను ఎప్పుడైనా మళ్ళీ మొదటికి తేవచ్చు. కానన్ విషయంలో బటన్ల మీద అక్షరాల అరుగుదల, గ్రిప్ రబ్బరు జారడం, మౌంటు లోహం మీద గీతలు చూసి అంచనాకు రావాలి. అసలు బిల్లు, పెట్టె అడిగి, పెట్టె మీది సీరియల్ నంబరూ కెమెరా అడుగున ఉన్న నంబరూ ఒకటేనని చూసుకో. బిల్లు లేదంటే దొంగ సొత్తు కావచ్చునన్న అనుమానం నీకు ఉండాలి.

కొన్న తరువాత దాన్ని కెమెరా బ్యాగులో దాచవద్దు. స్పాంజీ, గుడ్డ తేమను పట్టి ఉంచుతాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ కొలిచే మీటరు పెట్టి, లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకో. నీలం రంగు జెల్ గులాబీ రంగుకు తిరిగితే దాని పని అయిపోయినట్లే. వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఏసీ గదిలో నుంచి బయటికి తీసుకువెళ్ళేటప్పుడు, సంచి మూతి కట్టేసి కాసేపు అలాగే ఉంచిన తరువాతే బయటికి తీయి, లేకుంటే గాజు మీద నీళ్ళు పడతాయి.

ముందు భీమవరం వెళ్ళు. అక్కడ తీసిన బొమ్మల్లో దినపత్రికవి రెండూ, ఆకాశానిది ఒకటీ నాకు వాట్సాప్‌లో పంపు, అయితే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపు. ఫొటోగా పంపితే లోపలి వివరాలన్నీ పోతాయి, షట్టరు లెక్క నాకు కనిపించదు. నేను చూసి జవాబు ఇచ్చేదాకా బయానా ఇవ్వవద్దు. టార్చి వేసి చూస్తానంటే వాళ్ళు ఒప్పుకోకపోతే, బేరం ఎంత బాగున్నా లేచి వచ్చెయ్యి, మరునాడు రాజమండ్రి వెళ్దువు గాని.

ఇట్లు,
మామయ్య